హుక్కవార బడిలో ఒకటే కాగు

పేరు రౌహా కెంప్పాయినెన్. వయస్సు నలభై నాలుగేళ్ళు. భర్తను యుద్ధం తీసుకుపోయింది. వృత్తి, హుక్కవార ప్రాథమిక పాఠశాలలో వంట. ఈ విన్నపం రాసినవారు ఆమెను పందొమ్మిదేళ్ళుగా ఎరుగుదురు. ఆ కాలమంతటిలోనూ ఆమె నోరు ఊరకుండగా గాని, ఆమె పొయ్యి చల్లారి ఉండగా గాని చూసి ఎరుగరు.

బడికి రాకమునుపు రౌహా అడవిలో మానులు కొట్టే కూలీల బసల్లో వండేది. అక్కడ ఆమెదే రాజ్యం. గొడ్డలి పట్టినవాడైనా, కాలు విరిగి మూల పడుకున్నవాడైనా, దారి తప్పి వచ్చిన పోలీసైనా సరే, ఆమె గరిటె అందరికీ ఒకే లోతున మునిగేది. ఒకడు తాను ఎక్కువ చెట్లు కొట్టానని ఇంకో ముక్క మాంసం అడిగితే, చెట్లనే తినమని చెప్పి ముందుకు తోసిందట. ఆ మాట నేటికీ అడవి బసల్లో చెప్పుకుని నవ్వుతారు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల నలభై ఎనిమిదో సంవత్సరం శరదృతువులో, బడికి వచ్చే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ బడి ఉన్న ప్రతి రోజూ ఉచితంగా వేడి భోజనం పెట్టవలెనన్న చట్టం అమలుకు వచ్చింది. ఇనుప కాగు సరస్సు మీద పడవలో వచ్చిన నాడు పిల్లలు ఒడ్డు వెంబడి పడవతో సమానంగా పరుగెత్తారు. ఒకడు బూటు బురదలో వదిలేసి ఒంటికాలి బూటుతోనే రేవు చేరాడు. ఆ కాగులో తాను మునిగినా తల కనబడదని ఇంకొకడు పందెం కట్టి, లోపలికి దిగి నిరూపించాడు కూడా. వాడి చెవి పట్టుకుని పైకి తీసినది రౌహాయే. తొలి వంటకు ముందు ఆ కాగును ఆమె మూడుసార్లు తోమింది.

తొలిరోజు బఠాణీ పులుసు. పొద్దున్నుంచే ఆ వాసన తలుపు సందుల్లోంచి తరగతిలోకి పాకింది. సైమా లెయ్‌నొనెన్ టీచరమ్మ నల్లబల్ల మీద భాగహారం వేసి వెనక్కి తిరిగేసరికి, తరగతి తరగతంతా వంటగది వైపు మొహం తిప్పి కూర్చుంది. ఎవరింటి చెంచా వారు తెచ్చుకోవాలని ముందే చెప్పారు గనుక ప్రతివాడి చేతిలోనూ చెంచా ఉంది. టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టేసి, ఈ భాగహారాన్ని పులుసు తరవాత చూద్దామన్నది. ఆనాడు చెంచాల చప్పుడుకు కిటికీ అద్దాలు గలగలలాడాయని చెబితే అది అతిశయోక్తి కాదు.

నెల తిరగకుండానే తేడా కంటికి కనబడసాగింది. అడవి దారుల్లో ఎంతో దూరం నడిచి వచ్చి, మధ్యాహ్నానికి బల్లల మీద తలవాల్చి నిద్రపోయే పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఎక్కాలు తప్పక అప్పజెప్పారు. తూకం చూడవచ్చిన నర్సు, ఈ బడి పిల్లల బుగ్గలు ఎవరు గిల్లారని అడిగింది. గిల్లింది తానేనని, అదీ గరిటెతోనని రౌహా జవాబిచ్చింది.

అయితే ఒక్క పిల్ల మాత్రం కాగు దగ్గరికి రాలేదు. పేరు తూలిక్కి. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను అడవి అంచున ఉన్న గుడిసెలో ఆమె తాత ఏనొక్కి మొయ్‌లనెన్ పెంచుతున్నాడు. గంట కొట్టగానే తూలిక్కి వసారాలోని కట్టెల పేర్పు మీదికి వెళ్ళి కూర్చునేది. ఒక ఎండు రొట్టెముక్క, ఉన్ని మేజోడులో దూర్చిన ఒక సీసా తెచ్చుకునేది. అందులో పాలున్నాయని చెప్పేది. సీసాను మేజోడులోంచి ఎన్నడూ బయటికి తీయలేదు. ఏనొక్కి ఇంట ఆవు లేదని రౌహాకు తెలుసు. తెలిసీ ఆ సీసా గురించి నోరెత్తలేదు. ఆమె మాట్లాడకుండా వదిలిన సంగతులు బహు కొద్ది. అందులో ఇది ఒకటి.

ఒక్క పిల్లతో పోయేదైతే ఇంత కథ లేదు. ఏనొక్కి మనవరాలే ఊరి తిండి ముట్టనప్పుడు, పొలమూ పశువులూ ఉన్న తామెందుకు ముట్టాలని రెండు మూడు ఇళ్ళవారు పిల్లలకు మూటలు కట్టి పంపనారంభించారు. కట్టెల పేర్పు మీద జనం పెరిగారు. అప్పుడు బడి సంఘం అధ్యక్షులు యల్మరి హెయ్‌క్కినెన్ గారు వంటగదిలోకి వచ్చి, టోపీ తీసి, తమకు సబబు అనిపించిన మాట చెప్పారు.

"చట్టం పెట్టమంది, పెడదాం. వద్దన్నవాళ్ళ నోట్లో కుక్కమనలేదు కదా రౌహా. కావాల్సినవాళ్ళు పేర్లు రాయించుకుంటారు. ఆ పట్టీ తలుపుకి అంటిద్దాం. నువ్వు అంతమందికే వండు."

"మీ తౌనో పేరు రాయిస్తారా యల్మరి గారూ?"

"మావాడికేం, ఇంట్లో ఉంది."

"ఉన్నవాళ్ళు అక్కర్లేదని రాయించరు. లేనివాళ్ళు సిగ్గుపడి రాయించరు. ఇక ఆ కాగులో మా పిల్లి పడుకుంటుంది."

యల్మరి గారు చెడ్డవారు కారు. పళ్ళ కాలం ముగిశాక సంఘం కూడుతుందనీ, అప్పటికి పిల్లలందరూ ఒక్క కాగులోదే తింటూంటే పట్టీ మాటే ఎత్తననీ, ఒక్కరు విడిగా కూర్చున్నా పట్టీ తప్పదనీ చెప్పి వెళ్ళారు. తలుపుకు పేర్ల పట్టీ అంటించిన మర్నాటినుంచి అది బడి భోజనం కాదనీ, బీదల గంజి అవుతుందనీ రౌహాకు సందేహం లేదు. ఆ పట్టీని ఆపాలంటే తూలిక్కి తినాలి. తూలిక్కి తినాలంటే ఏనొక్కి ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రమే రౌహా ఏనొక్కి గుడిసెకు వెళ్ళింది. వట్టి చేతులతో పెద్దవారి గడప తొక్కకూడదనుకుని, మిగిలిన పులుసు ఒక చిన్న బక్కెట్టులో పట్టుకుని మరీ వెళ్ళింది. మంచి మర్యాదే. ఆ ఇంటికి మాత్రం అంతకన్న చెడ్డ కానుక లేదు. ఏనొక్కి బక్కెట్టు వంక చూసి, దాన్ని తీసుకుపోయి బయట మెట్టు మీద పెట్టి, వచ్చి కూర్చుని, తాను అల్లుతున్న బెరడు బుట్ట మళ్ళీ అందుకున్నాడు. బయట కుక్క నాకుతున్న చప్పుడు లోపలికి వినబడుతూనే ఉంది.

"నీ వంట బాగుందంటోంది కుక్క" అన్నాడు ఏనొక్కి. "అమ్మాయ్, ఎనిమిదేళ్ళప్పుడు నన్ను వేలంలో నిలబెట్టారు. ఈ పిల్లాణ్ణి సాకడానికి ఊరి సొమ్ము ఎవరు తక్కువ అడిగితే వాళ్ళింటికి పంపిస్తామని. పంపించారు. ఆ ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దా తినేటప్పుడే ఎంచి వినిపించేవాళ్ళు. ఊరి గిన్నెలో తిండి ఊరికే రాదు. నా మనవరాలు ఆ గిన్నె పట్టదు."

ఇవి పూర్వం అందరికీ తెలిసిన వేలాలే. తెలిసినవారందరూ మరచినట్టు నటించే వేలాలే. రౌహా ఖాళీ బక్కెట్టుతో తిరిగి వచ్చింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నది. ఇవ్వబోయినకొద్దీ ఆ ముసలాయన గడియ బిగిస్తాడని ఆమెకు అర్థమైంది. ఇవ్వకుండా ఎలా పెట్టాలో అర్థం కాలేదు.

పళ్ళ కాలం వచ్చింది. పిల్లలు బడి కాగుకై అడవిలో పువోలుక్క పళ్ళు ఏరి తేవడం కూడా ఆ భోజనపు ఏర్పాటులో భాగమే. చిట్టి చిట్టి ఎర్రని పళ్ళు, పుల్లన, చలికాలమంతా నిలవ ఉంటాయి. కాని ఈ ఏడు పూత మీద మంచు పడి దగ్గరి కొండవాలులన్నీ మాడిపోయాయి. పిల్లలందరూ బుట్టలతో బయలుదేరి మధ్యాహ్నందాకా తిరిగితే బుట్టల అడుగులు కూడా నిండలేదు. చలికాలంలో అంబలి తెల్లగానే తినవలసి వస్తుందని సైమా టీచరమ్మ నిట్టూర్చింది. అప్పుడు తూలిక్కి రౌహా చెయ్యి పట్టి లాగింది.

"నాకు ఒక చోటు తెలుసు, రౌహా అత్తా."

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ఎందుకంటే ఆ ప్రాంతాన పళ్ళచోటు అంటే నిధి. మొగుడు పెళ్ళానికి చెప్పడు. వెంట ఎవరైనా వస్తున్నారేమోనని చుట్టుదారుల్లో పోతారు. చివరికి మంచం పట్టాక, గది తలుపు మూయించి, ఒక్కరికి చెవిలో చెబుతారు. ఏనొక్కి ఏటేటా నిండు బుట్టతో రావడం ఊరంతా చూసినదే. ఎక్కడినుంచో కనిపెట్టబోయినవారందరూ చిత్తడి నేలలో మోకాటిదాకా దిగబడి తిరిగి వచ్చినవారే.

"తాత తిడతాడేమోనే" అన్నది రౌహా.

"తిడతాడు" అని ఒప్పుకుంది తూలిక్కి. "కాని అక్కడి పళ్ళు కాగులో పడితే అది మా కాగు కూడా అవుతుంది కదా అత్తా. అప్పుడు నేనూ తినొచ్చు కదా?"

పరుల పళ్ళచోట అడుగు పెట్టడం దొంగతనానికి వేలెడు దూరం. అయినా రౌహా తలగుడ్డ బిగించి, తిట్లన్నీ తానే తింటానని చెప్పి, పిల్లను దారి చూపమన్నది.

ఇక ఆ నడక చూడాలి. తూలిక్కి ముందు, వెనక రౌహా, ఆ వెనక బడి బడంతా బారుగా, బుట్టలు కొట్టుకోకుండా చేతుల్లో అదిమిపట్టుకుని, నవ్వు ఆపుకోలేక ఒకరి నోరు ఒకరు మూస్తూ. చిత్తడి మీద పరచిన రెండు దుంగలు దాటారు. విరిగిన దేవదారు దగ్గర ఎడమకు తిరిగారు. వాగు దాటుతూ తౌనో నడుందాకా తడిసి, కిక్కురుమనలేదు. గుట్ట ఎక్కగానే ఎదురుగా నేల నేలంతా ఎరుపు. నాచు కనబడదు, రాయి కనబడదు. అడుగు వేయడానికి చోటు లేక పిల్లలు అంచున నిలబడిపోయారు.

ఆ ఎరుపు నడుమ, వంగి చెక్కడబ్బాతో పళ్ళు దూస్తూ ఏనొక్కి ఉన్నాడు.

ఆయన నడుము ఎత్తాడు. టీచరమ్మను చూశాడు. పిల్లల బారును ఈ కొసనుంచి ఆ కొసకు చూశాడు. కడపట మనవరాలిని చూశాడు. తూలిక్కి తల దించలేదు. రౌహా పిల్లను దాటి ముందుకు వచ్చి, ఖాళీ బుట్ట రెండు చేతులతో చాచింది.

"ఏనొక్కి తాతా, బడి మీ దగ్గరికి బిచ్చానికొచ్చింది. మా కాగు ఖాళీ. పెడతారా, తోలేస్తారా?"

ఏనొక్కి ఆ బుట్ట వంక చూశాడు. ఎనిమిదేళ్ళ వయసునాటినుంచి ఆయనను ఊరు ఏదీ అడగలేదు. ఊరు పెట్టేదే గాని పుచ్చుకునేది కాదు.

"అలా కాళ్ళతో తొక్కుకుంటూ రావద్దు" అన్నాడు. "అంచునుంచి మొదలెట్టండి. ఒరే తడిసినోడా, నువ్వు ఇలా ఎండలోకి రా."

అంతే, ఆ గుట్ట మీద తిరునాళ్ళు మొదలైంది. దువ్వెన పళ్ళలాంటి అంచున్న చెక్కడబ్బాను మొక్క విరగకుండా ఎలా తోయాలో ఏనొక్కి ఒక్కొక్కరి చేయి పట్టి చూపాడు. సరిగ్గా తోయనివారిని ఎలుగుబంట్లని పిలిచాడు. ఎలుగుబంటి అనిపించుకోవడానికే కొందరు తప్పుగా తోశారు. పొద్దు వాలేసరికి బుట్టలు నిండాయి, టోపీలు నిండాయి, టీచరమ్మ తలగుడ్డ సైతం మూట అయింది. ఈ చోటు ఎక్కడో ఇంట్లో చెప్పినవాడి చెవులు కోస్తానని ఏనొక్కి హెచ్చరించాడు. ఊరివారు ఎంత అడిగినా ఒక్క పిల్ల కూడా నేటివరకు చెప్పలేదు.

మరునాడు రౌహా పళ్ళు ఉడికించి, వడగట్టి, గోధుమరవ్వా పంచదారా వేసి, కాగును చన్నీళ్ళలో చల్లార్చి, దేవదారు కొమ్మ కవ్వంతో చిలకమని పిల్లలకు వంతులు వేసింది. చిలికినకొద్దీ ఎరుపు తేలి, గులాబీ రంగు నురుగై, కాగు అంచుదాకా పొంగింది. ఆ పొంగు పొంగినప్పుడల్లా పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. యల్మరి గారు స్వయంగా చూడవచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కట్టెల పేర్పు మీద కట్టెలు తప్ప ఎవరూ లేరు. వారి తౌనో వరుసలో ఉన్నాడు. వాడికి ముందు తూలిక్కి. మేజోడు సీసాను ఆమె ఇంటి వద్దనే వదిలి వచ్చింది.

"గరిటె ముంచు అత్తా, ఇవి మా తాత పళ్ళు" అన్నది, గిన్నె చాచి.

రౌహా గరిటె అందరికీ మునిగిన లోతునే మునిగింది. అడవి బస నియమం ఆమె ఎవరి కోసమూ మార్చదు. అంతలో తలుపులో ఏనొక్కి కనబడ్డాడు. తన పళ్ళను ఈవిడ పాడుచేసిందేమో చూసిపోవడానికి వచ్చానన్నాడు. నిలబడే ఒక గిన్నె ఖాళీ చేశాడు. ఉప్పు తక్కువైందన్నాడు. తీపి వంటకంలో ఉప్పేమిటని రౌహా అడిగితే, అందుకే తక్కువైందంటున్నానని గిన్నె మళ్ళీ చాచాడు. యల్మరి గారు పట్టీ మాట ఎత్తలేదు. తమకూ ఒక గిన్నె ఉందా అని అడిగారు.

అయితే సంఘం ఇంకా కూడవలసి ఉన్నది. అధ్యక్షుల మాట ఒకటి, సంఘం తీర్మానం ఒకటి. పైగా ఇప్పుడు పిల్లలందరూ తింటున్నందున ఆ కాగు చాలక రౌహా పొద్దుటే ఒకసారి, గంట కొట్టేముందు మరొకసారి వండుతున్నది. తనకేం కావాలని అడిగితే ఆమె తన కోసం ఏమీ చెప్పలేదు. వేలంనాటినుంచి ఊరి కాగితం ఏదీ ముట్టని ఏనొక్కి, ఈ కాగితం చదివించుకుని విని, అడుగున మొట్టమొదటి గుర్తు తానే పెట్టాడు.

కావున, గౌరవనీయులైన పాఠశాల సంఘము వారికి రౌహా కెంప్పాయినెన్ తరఫున సవినయముగా చేయు మనవి యేమనగా: హుక్కవార పాఠశాల తలుపునకు భోజనపు పేర్ల పట్టీ ఏ కాలమందునూ అంటింపకుండునట్లును, బాలబాలికలందరికీ భేదము లేక ఒకే వంటకము వడ్డింపబడునట్లును తీర్మానించి, తాత్కాలికముగా ఉన్న ఆమె ఉద్యోగమును స్థిరపరచి, మొదటి కాగు పక్కనే, దానితో సమానమైన రెండవ కాగును సరస్సు గడ్డకట్టి పడవలు ఆగకమునుపే పంపించవలసినదిగా ప్రార్థన.