నిలిపి చూసే మామ

రాజపాళయం నూలు మిల్లులో నేను పనిచేసిన రోజుల్లో మెయింటెనెన్సు మేనేజరును అందరం మామా అనేవాళ్లం. కొత్త మిషను ఏది వచ్చినా, అది తిరుగుతుంటే ఆయన చూసేవాడు కాదు. ముందు నిలిపి చూసేవాడు.

మిల్లు రికార్డులన్నీ మూడు సర్వర్లలోకి ఎక్కించిన రోజు, మా కంప్యూటరు ఇంజనీరు బ్రౌజరులో వాటి కన్సోలు తెరిచి, సర్వరుకొకటిగా మూడు పచ్చచుక్కలు చూపించాడు. మామ సంతకం పెడితే ఇక ఆ మూడింటి బాధ్యత మామదే.

"ఒకటి నిలిచిపోయినా తక్కిన రెండూ చూసుకుంటాయి మామా. సంతకం పెట్టండి."

"అట్లనా తంబీ?" అంటూ మామ మొదటి చుక్క పక్కనున్న 'స్టాప్' నొక్కేశాడు.

మూడు చుక్కలూ ఎర్రబడ్డాయి. సర్వర్ల నుంచి రావలసిన గేటు పాసులు అచ్చుకాక నూలు లారీలు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఇంజనీరు ముఖం నూలుకండెలా తెల్లబోయింది.

"ఏం పని చేసినారు మామా!"

"తిరిగేది ఎవురైనా చూపిస్తారు తంబీ. నిలిచినాక ఏమైతుందో చూపించల్ల."

ఇంజనీరు రెండు రోజులు అక్కడే కూర్చుని సెట్టింగులు సరిచేశాడు. మూడో రోజు మామ మళ్లీ ఒకటి నిలిపాడు. లారీలు ఆగలేదు. ఆయన సంతకం పెట్టాడు.

"ఇప్పుడైనా నమ్మినారా?" అన్నాడు ఇంజనీరు, చెమట తుడుచుకుంటూ.

"మిషన్లను నమ్మినా తంబీ. నువ్వొక వారం లీవు పెట్టు, నిన్నూ నిలిపి చూస్తాం."