రేకు మీద అమ్మ గీసిన ఊరు

మా చిన్నప్పుడు బెంగళూరులో మేమున్న రేకుల షెడ్డు గోడ మీద అమ్మ మా ఊరిని గీసింది...

గోరంట్ల దగ్గర మాది మెట్ట సేద్యం. వరసగా రెండేళ్లు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. నాయన ఇంటికి తాళం వేసి మమ్మల్ని బెంగళూరు బస్సెక్కించాడు. అప్పటికి నాకు ఏడేళ్లు, తమ్ముడు చంటిపిల్లాడు. అమ్మానాయనలు కట్టడం పనికి పోతే వాణ్ణి నేనే చూసుకునేదాన్ని.

మాటలొచ్చాక తమ్ముడు ఆ షెడ్డునే "మనిల్లు" అనసాగాడు. అది విన్న అమ్మ ఆదివారం నాడు కాస్త సున్నం, కాస్త ఇటుక పొడి నీళ్లలో కలిపి, వేలికి గుడ్డపేలిక చుట్టుకుని రేకు ముందు కూర్చుంది.

"ఏం గీస్తాండావు మా?" అన్నాను.

"మన ఊరు. వీనికి తెల్దు గదా."

అమ్మకు ముగ్గులు తప్ప బొమ్మలు రావు. అందుకే చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ గీసింది... మిద్దె, వాకిట్లో రోలు, చేని గట్టున బావి. బావి నిండా నీళ్లు.

రోజూ వాడికి సంగటి తినిపిస్తూ అడిగేది. "మనిల్లు యాడుండాది?"

"ఈడ!" అని వాడు రేకు మీద వేలు పెట్టేవాడు.

వాడికి ఐదేళ్లప్పుడు, నాలుగు చినుకులు పడ్డాయని తెలిసి ఊరికి తిరిగొచ్చాము. బస్సు దిగగానే వాడు ముందు బావి చూపించమన్నాడు. చూపించాము. లోపల రాళ్లు, ముళ్లకంప.

"అబద్ధం గీసినావు మా!"

అమ్మ గట్టు మీద కూలబడింది. "నేను పెండ్లై వచ్చినప్పుడు నిండుగా ఉండె నాయనా. నాకు గుర్తుండేది గీసినా."

"మనింటికి పోదాం పా," అని వాడు సాయంత్రం దాకా ఏడ్చాడు. వాడికి ఇల్లంటే ఆ షెడ్డే...

అమ్మ కోప్పడలేదు. పొయ్యిలోని బొగ్గు తెచ్చి వాడి చేతికిచ్చింది.

"అట్లయితే నీ ఇల్లు నువ్వే గీయి."

మిద్దె గోడ మీద వాడు రేకుల షెడ్డు గీశాడు. వాకిట్లో మా నలుగురినీ నిలబెట్టాడు.

ఇప్పుడు మా ఊరి నుంచి వలసపోయిన వాళ్ల ఫోన్ల నిండా ఊరి ఫోటోలే. ఊరు ఎలా ఉండేదో గుర్తుచేసుకుని గీయాల్సిన పని ఎవరికీ లేదు...

చిన్నప్పుడు మీరూ ఏదో ఒక గోడ మీద ఇల్లు గీసే ఉంటారు. అది ఏ ఊరి ఇల్లు?