ఇమ్తియాజ్ పంపిన జాబితా

రాయచోటి ఇమ్తియాజ్ కువైట్‌కు వచ్చింది చాయ్ అందించే పనికి. అర్దియాలోని ఒక క్లీనింగ్ కంపెనీ ఆఫీసులో కప్పులు కడుగుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్‌లో పాఠాలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఆరేళ్లు తిరిగేసరికి కార్మికుల వివరాలన్నీ ఉండే కంపెనీ వెబ్‌సైట్ అతని చేతిమీదే నడుస్తోంది. ఇఖామాలో, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్‌లో మాత్రం ఇంకా చాయ్ పనివాడే. అది మార్పించుకోవడానికి మహానుభావుడికి తీరికెక్కడిది!

ఆ నెలతో కంపెనీ కాంట్రాక్టు ముగిసి, స్కూళ్లూ ఆసుపత్రులూ ఊడ్చే పని వేరే కంపెనీకి పోయింది. పాతవాళ్లందరినీ తీసుకుంటామని కొత్తవాళ్లు ఒప్పుకున్నారు. ఒకటే షరతు. గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా అందరి వివరాలూ ఒకే ఫైలుగా తమకు అందాలి. ఫైల్లో పేరుంటే ఇఖామా మారుతుంది, లేకపోతే ఇంటికి టికెట్టే. మొత్తం మూడువేల ఎనిమిదివందల నలభై మంది.

ఫొటోలు, పాస్‌పోర్టు కాపీలతో సహా అంతా ఒక్కసారిగా దింపబోతే సర్వర్ చేతులెత్తేసింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి తెల్ల పేజీ మిగిలింది. అందుకని ఇమ్తియాజ్ ఐదువందల మంది చొప్పున తీసి ఫైలుకు చేర్చేలా రాశాడు. మధ్యలో ఆగినా పని మళ్లీ మొదటికి రాకుండా, ఎక్కినవాళ్లకు వెంటనే ఒక గుర్తు పెట్టించాడు. గుర్తు లేనివాళ్లనే తీసుకోమన్నాడు. బుధవారం ఫైలు చకచకా తయారైంది. మురిసిపోయి, మనిషికొక వరుస చొప్పున ఎన్ని వరుసలు వచ్చాయో కూడా చూడకుండా పంపేశాడు. మేనేజర్ భుజం తట్టాడు.

గురువారం పదింటికి గురమ్మ ఫోన్ చేసింది. ఆమెది కడప పక్క పల్లె. ఇప్పుడు రిగ్గైలో ఒక స్కూలు ఊడుస్తోంది గానీ, ఇమ్తియాజ్ కొత్తలో వచ్చినప్పుడు ఈ ఆఫీసే ఊడ్చేది.

"ఇమ్తియాజూ, నా పేరు ఉండాదా? లేకుంటే సెప్పు, పెట్టె సర్దుకుంటా."

"ఉంటాది లేక్కా, యాడికి పోతాది?" అంటూ ఆమె సివిల్ ఐడి నంబరు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. అప్పుడు వరుసలు చూశాడు. సరిగ్గా రెండువేలు.

"మళ్లా సేస్తానక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

కార్మికుల క్యాంపులో మెస్సు ముందు వరుసను తలుచుకోండి. మొదటి ఐదువందల మంది తిని వెళ్లిపోతే వెనకవాళ్లు ముందుకు జరుగుతారు. వడ్డించేవాడు మాత్రం పట్టుబట్టి ఐదువందల ఒకటో చోటు నుంచే పిలిస్తే, జరిగి వచ్చినవాళ్ల గతేమిటి? ఇమ్తియాజ్ ప్రోగ్రాము చేసిన ఘనకార్యం అదే. గుర్తు పడ్డవాళ్లు జాబితాలోంచి తప్పుకుంటుంటే అది పాత లెక్కనే పట్టుకుని జనాన్ని దాటేస్తూ పోయింది. అలా పద్దెనిమిదివందల నలభై మంది మిగిలిపోయారు.

మేనేజర్‌కు చెప్పాడు. తన సంతకంతో వెళ్లిన జాబితాను మారిస్తే పరువేం కావాలని ఆయన మండిపడ్డాడు. పోయినవాళ్లు పోయారు, ఖలాస్ అన్నాడు. ఆయన ముందు ఏనాడూ తలెత్తని ఇమ్తియాజ్ కదలకుండా నిలబడ్డాడు. తప్పు తనదేనని రాసివ్వమన్నా ఇస్తానన్నాడు, మళ్లీ చాయ్ పెట్టమన్నా పెడతానన్నాడు. ఆయన కాసేపు అతన్నే చూసి, "యల్లా, కానివ్వు" అంటూ కొత్త కంపెనీకి ఫోన్ కలిపాడు.

ఇమ్తియాజ్ పాత గుర్తులన్నీ చెరిపేసి, గుర్తు పెట్టే పనిని ఫైలు పూర్తయ్యాక జరిగేలా మార్చాడు. ఈసారి వరుసలు మూడుసార్లు చూసుకుని, పదకొండు నలభైకి పంపాడు. మూడువేల ఎనిమిదివందల నలభై మందీ అందారని జవాబు వచ్చింది. అది చదివి ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని గురమ్మకు ఫోన్ చేశాడు. దాచకుండా జరిగిందంతా చెప్పాడు.

గురమ్మ తిట్టలేదు.

"నువ్వు తెలిసినోడివి కాబట్టి నేను ఫోన్ సేస్తి నాయనా," అంది. "నువ్వు తెలీనోళ్లు ఎవుర్ని అడగాల?"