పని లేదన్న మాట

మాల్‌సూన్‌కు కోపం వస్తే ముల్లంగి ముక్కలు లావుగా పడతాయి. ఆ ఏడాది ప్యో హోటల్లో కిమ్చి తిన్నవాళ్ళందరికీ దవడలు నొప్పి పుట్టాయి.

సియోల్‌లో మా దేరిమ్ వీధిలో నా కూరగాయల కొట్టును ఆనుకునే ఉంటుంది ఆ హోటలు. పంది వెన్నెముక పులుసుకు పేరు. పేరు ఓనరు ప్యోది, పులుసు వంటమనిషి మాల్‌సూన్‌ది. నడుముకు ఏప్రన్ జంట ముడి వేసి బిగించిందంటే మళ్ళీ హోటలు మూసేదాకా విప్పేది కాదు. వయసులో ఉండగా దక్షిణాది పల్లె నుంచి వచ్చి ఇక్కడి కుట్టు ఫ్యాక్టరీలో చేరింది. ఆ ఫ్యాక్టరీ మూటాముల్లె సర్దుకుని చైనాకు పోయింది.

"అప్పుడు నా పని వాళ్ళ దగ్గరికెళ్ళింది. ఇప్పుడు వాళ్ళే నా పని దగ్గరికొచ్చారు. నేనెక్కడికి పోవాలే?" అనేది నాతో.

వాళ్ళంటే యోన్బ్యోన్ వాళ్ళు. తాతల కాలంలో సరిహద్దు దాటి చైనాలో స్థిరపడ్డ మా కొరియా వాళ్ళే. తిరిగొచ్చి మా వీధిలో దిగారు. వంటిళ్ళలో కూలి పెరగడం ఆగిపోయింది. పెంచమంటే ప్యో గుమ్మం వైపు చూపించి, "బయట ఎంతమంది నిలబడ్డారో చూశావా?" అనేవాడు. మరి మూతబడ్డ కొట్లు తెరుచుకున్నదీ వాళ్ళ వల్లే. ఒకప్పుడు నల్లుల కంపు కొడుతుందని మేం ముట్టని కొత్తిమీర ఇప్పుడు గంపలకొద్దీ అమ్ముతున్నాను. వీధి కళకళలాడుతోందని నా కొట్టు ఓనరు అద్దె పెంచాడు. వాడు ఏ సరిహద్దూ దాటి రాలేదు, ఈ వీధిలోనే పుట్టాడు. వాణ్ణి తిట్టడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

ప్యో చివరికి బున్‌సోన్ అనే యోన్బ్యోన్ ఆవిణ్ణి తెచ్చి మాల్‌సూన్ పక్కన నిలబెట్టాడు.

"ఏమ్మా, మీ ఊళ్ళో ఉల్లికాడలు ఇలాగే కోస్తారా, గొడ్డుకు గడ్డి కోసినట్టు?"

"తినేవాళ్ళు గిన్నె నాకి మరీ వెళ్తున్నారుగా అక్కా."

"అక్కా గిక్కా అన్నావంటే గరిటె విరుగుద్ది."

ఓ మధ్యాహ్నం నేను వాళ్ళ వంటింట్లో ముల్లంగి బస్తా దింపుతున్నాను. ప్యో వచ్చి బున్‌సోన్‌తో, "మాల్‌సూన్‌కు మోకాళ్ళు బాగాలేవు. పెద్ద డేగిశాలు ఇకమీదట నువ్వే ఎత్తాలి. ఏమంటావు?" అన్నాడు. బున్‌సోన్ మాల్‌సూన్ వైపు తిరిగి, "పని లేదు," అంది.

సియోల్‌లో ఆ మాటకు ఒకటే అర్థం. నీతో నాకు పని లేదు, అవతలికి పో అని. మాల్‌సూన్ ముఖం నల్లబడింది. ఏప్రన్ ముడి తెంపి ప్యో కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. "దీని చేత పని లేదనిపించుకునే ఖర్మ నాకు పట్టలేదు!" అని వీధిలోకి నడిచింది. బున్‌సోన్ కొయ్యబారిపోయింది. ప్యో తాపీగా ఏప్రన్ తీసి, దులిపి, మేకుకు తగిలించాడు.

నా కొట్టుకొచ్చే యోన్బ్యోన్ వాళ్ళను సంచి బరువా అని అడిగితే అనేదీ ఆ మాటే. వాళ్ళ నోట దానికి 'ఫర్వాలేదు, దిగులుపడకు' అని అర్థం. ఆ సంగతి ఆ సాయంత్రమే మాల్‌సూన్‌కు చెప్పాను.

"ప్యోకు తెలుసా?" అంది.

తెలియకేం? పొద్దస్తమానం వాళ్ళతోనే కదా బేరాలు. తెలిసే నోరు మూసుకున్నాడు, దరిద్రుడు. మర్నాడు ఆమె వెళ్తే, "నువ్వే కదా పోయావు," అని గుమ్మంలోంచే పంపేశాడు. ఆమె చోట అప్పటికే ఇంకో యోన్బ్యోన్ ఆవిడ ముల్లంగి తరుగుతోంది, ఇంకా తక్కువ కూలికి.

తర్వాత మాల్‌సూన్ ఎక్కని గుమ్మం లేదు. మిగిలింది వీధి చివర ఒక్‌హ్వా హోటలు. ఒక్‌హ్వా కూడా యోన్బ్యోన్ మనిషే. వచ్చిన కొత్తలో గిన్నెలు కడిగి, ఇప్పుడు సొంతంగా పెట్టుకుంది. అక్కడా దొరక్కపోతే మాల్‌సూన్ గది ఖాళీ చేసి సియోల్ వదలాల్సిందే. తోడుగా నేనూ వెళ్ళాను.

"వయసు కాస్త ఎక్కువే. మోకాళ్ళూ అంతంతమాత్రం. కానీ పులుసు పెట్టడం బాగా వచ్చమ్మా," అంది మాల్‌సూన్. ఆమె అంత తగ్గి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు.

ఒక్‌హ్వా తలెత్తకుండా, "పని లేదు," అంది.

మాల్‌సూన్ ముఖం విప్పారింది. నాకూ ఆ మాట తెలుసులే అన్నట్టు నా వైపు చూసి కన్నుగీటింది. మేకుకున్న ఏప్రన్ తీసి జంట ముడి బిగించింది.

"ముల్లంగి ఎక్కడుందమ్మా?"

ఒక్‌హ్వా ఇప్పుడు తలెత్తింది. "చెవుడా పెద్దమ్మా? పని లేదన్నాను. నేనొచ్చి బోలెడేళ్ళయింది, సియోల్ మాటే మాట్లాడుతున్నాను. మీవాళ్ళను పెట్టుకుంటే సెలవంటారు, కూలి పెంచమంటారు. మా ఊరి నుంచి ఇద్దరొస్తున్నారు."

మాల్‌సూన్ చేతులు వెనక్కి పోయి ముడిని వెతికాయి. ఎంత లాగినా ముడి రాలేదు. ఒక్‌హ్వా ఏప్రన్ కోసం చెయ్యి చాచి నిలబడే ఉంది. నేనే విప్పాను.