మిరపకాయల కింద లీడరు

మూడేళ్ల కిందటి ఎండాకాలం. కరీంనగర్‌లో మా గల్లీ మలుపును మూసేస్తూ మా వార్డు లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. ఎదురొచ్చే బండ్లు కనబడక రెండుసార్లు నా స్కూటీ గుద్దుకోబోయింది. ఒళ్లు మండి, ఫొటో తీసి మున్సిపాలిటీకి పంపాను. మా అత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మరునాడు పొద్దున్నే సిబ్బంది వచ్చి ఊడదీశారు.

మధ్యాహ్నానికి లీడరే మా ఇంటికొచ్చాడు. "ఎవలో కంప్లైంట్ ఇచ్చిండ్రు. ఎరుకైతే జర చెప్పుండ్రి" అన్నాడు. అంతలో ఆయన చూపు వాకిట్లో పడింది. ఆ ఫ్లెక్సీ మీదే అత్తమ్మ మిరపకాయలు ఎండబోసింది. కాయల మధ్య నుంచి ఆయన మీసాలు మాత్రం కనబడుతున్నాయి.

"గిది మీకెట్లొచ్చింది పెద్దమ్మా?"

"మా కోడలు ఫోన్ల ఫొటో పంపితె గాళ్లొచ్చి తీసిండ్రు కొడుకా. ఎందుకు పారేస్తరని నేనే అడిగి తెచ్చుకున్న" అంది అత్తమ్మ గర్వంగా.

నేను తలుపు చాటుకు జరిగాను. ఆయన ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

"జర నా మొఖం మీదికెల్లి తియ్యి పెద్దమ్మా" అన్నాడు.

అత్తమ్మ చేటతో కాయలన్నిటినీ ఫ్లెక్సీలో ఆయన పక్కనున్న అనుచరుల మొహాల మీదికి నెట్టింది.

ఆ రోజు నుంచి అత్తమ్మకు నేను ఏ రహస్యమూ చెప్పను. మరుసటి ఏడు ఆయన పుట్టినరోజుకు మలుపు ఖాళీగా ఉంది. కొత్త ఫ్లెక్సీ మాత్రం చుట్ట చుట్టి మా గేటుకు ఆనించి ఉంది, పోయినసారి కన్నా పెద్దది.