ఎదురుకాళ్లతో పుట్టినామె వైద్యం

మొన్న మా కోడలు నన్ను హనుమకొండలో కొత్తగా పెట్టిన వెన్నెముక వైద్యశాలకు తీసుకెళ్లింది. అక్కడ మందులూ సూదులూ ఉండవట, ఎముకలు పటపటలాడించరట, వేళ్లతో మెల్లగా ఒత్తి సరిచేస్తారట. చల్లని గది, ఏవో పూల వాసన, వినీ వినిపించనట్టు సంగీతం. అక్కడి కుర్రవాడివి నిజంగానే మెత్తటి చేతులు, మెడ నుంచి నడుం దాకా పూస పూసనూ ఓపిగ్గా తడిమాడు. పని కాగానే మాత్రం సీసాలోంచి ఏదో నీరు పిండుకుని, ముక్కు కాస్త ముడుచుకుని, గోళ్ల సందులు కూడా వదలకుండా రుద్దుకున్నాడు చూడండి, నాకు ఒళ్లంతా జలదరించింది. కోడలు గమనించలేదు. నేను గమనించాను, ఎందుకంటే ఆ రుద్దుకోవడం నాకు బాగా తెలిసినదే.

డెబ్బయ్యో దశకం చివరి రోజుల మాట. వరంగల్ బజారులో మాకు కిరాణా కొట్టు ఉండేది. సరుకు కోసం కేసముద్రం వెళ్లినప్పుడు హమాలీ రావడం ఆలస్యమైందని, పౌరుషానికి పోయి పెసల బస్తా నేనే ఎత్తబోయాను. నడుం పట్టేసింది. ఎలా వంగినవాణ్ని అలాగే ఎడ్లబండిలో వేసుకుని రైలు దాకా తెచ్చారు. పెద్ద దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, నెలలో తగ్గకపోతే ఆపరేషన్ తప్పదనీ, చేస్తే కాళ్లు వస్తాయో పోతాయో చెప్పలేననీ అన్నాడు. ఇరవై ఆరేళ్లవాణ్ని, ఇక లేచి నడుస్తానో లేదోనని దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో బయటపడ్డవాళ్లు తొక్కితే పట్టిన నడుం విడుస్తుందని మన వైపు ఎంత నమ్మకమో, నా వయసువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వరసగా మూడు ఆదివారాలు, పరగడుపున తొక్కించుకోవాలి. అమ్మ ఊరంతా వాకబు చేయిస్తే అలాంటి మనిషి మా కొట్టు వెనక మిర్చి గోదాములోనే దొరికింది. మరిపెడ వైపు నుంచి వచ్చి, అక్కడ తొడిమలు తీసే కూలికి కుదిరిన ఆమె. ఇంచుమించు అమ్మ వయసే.

అమ్మ ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన గోనెపట్టా పరిచి నన్ను బోర్లా పడుకోబెట్టారు. ఆమె మూడు చెంబుల నీళ్లతో కాళ్లు కడుక్కుంది. అయినా ఆ మడమల పగుళ్లలో మిరప దుమ్ము ఎర్రగా ఇంకిపోయి ఉంది. ఆ ఘాటు, ఆ చెమట వాసన, ఆ పగుళ్లు నా వీపుకు తగలబోతున్నాయన్న తలపు, ఇవేవీ భరించలేక, ఆమె చూస్తుండగానే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. తొక్కడమంటే తన్నడమే అనుకున్నాను కానీ, ఆమె దండెం గుంజ పట్టుకుని నిలబడి, నడుం మీద మడమ ఆనించి, నేను ఊపిరి వదిలినప్పుడల్లా చిటికెడు బరువు దించి, పీల్చినప్పుడు మళ్లీ తీసేది.

"ఊపిరి ఇడువు కొడుకా, గట్ల బిగవట్టకు. జర సేపే."

చిన్నసేటు అనాల్సిన మనిషి కొడుకా అన్నందుకు ఒళ్లు మండిపోయింది. అయ్యాక ఆమె నీళ్లడిగితే, తగలకుండా పైనుంచి దోసిట్లో పోసింది అమ్మ. నేనేమో అక్కడే గోలెం దగ్గర కూర్చుని, చేయి వెనక్కి తిప్పి, ఆమె పాదం పడిన చోటల్లా పసుపు నీళ్లు పోసి కొబ్బరి పీచుతో తోముకున్నాను. ఆమె దోసిలి దించి చూస్తూ నిలబడింది.

రెండో ఆదివారం ఆమె పాదాల్లో ఎరుపు లేదు. నేను బోర్లా పడుకుని ఉండగా అమ్మతో అనడం విన్నాను.

"చిన్నసేటుకు మొన్న మిరప మంట వుట్టినట్టుంది గదమ్మా, ఒకటే తోముకున్నడు. గందుకే రెండు దినాలాయె, గోదాముకు పోలే. కాళ్లకు ఆముదం సుత రాసిన."

నా ముఖం గోనెపట్టాలో ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. అప్పుడైనా సిగ్గు తెచ్చుకోవాల్సింది. తెచ్చుకోలేదు. ఆమె దిగగానే మళ్లీ పసుపు నీళ్లు, మళ్లీ కొబ్బరి పీచు, ఆమె ఎదుటే. మూడో ఆదివారమూ అంతే. ఆ వారమే ఎవరి భుజమూ పట్టుకోకుండా నిలువునా లేచి కొట్టు దాకా నడిచాను. ఆమె పాదం వల్లనో, నెల పాటు మంచాన పడుకోవడం వల్లనో నాకు తెలియదు కానీ, మళ్లీ ఆపరేషన్ మాట రాలేదు.

ఆమెకు నేనొక మంచి మాట చెప్పలేదు. గోదాము ముందు నుంచి పోయేటప్పుడు ఆమె తలెత్తితే నేను తల తిప్పుకునేవాణ్ని. ఎనభైల్లో ఎప్పుడో మనసు మెత్తబడి వాకబు చేస్తే, ఎప్పుడో ఊరికి వెళ్లిపోయిందన్నారు. ఇప్పటికీ మిరపకాయలు దంచుతుంటే ఆ పెరడు గుర్తొచ్చి అన్నం సహించదు. అసహ్యమే, కాకపోతే ఆమె పాదాల మీద కాదు, ఆ కొబ్బరి పీచు పట్టుకున్న చేతి మీద.

గోనెపట్టాకు బదులు మెత్తటి బల్ల వచ్చింది, గుంజ పట్టుకుని నిలబడే మనిషికి బదులు తెల్లకోటు వేసుకున్న కుర్రవాడొచ్చాడు, ఎదురుకాళ్లతో పుట్టారా అని అడిగేవాళ్లే లేరు. అతని తప్పేమీ లేదు, ముసలి ఒంటికి వాసన ఉంటుంది. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నాడు. రోజూ నడుముకు రాసుకునే నొప్పుల తైలం ఘాటు అతనికి పడలేదేమోనని రెండు రోజులుగా నేను అది రాసుకోవడం మానేశాను.