మా అక్క నోట్లో కిరాంబు

మా చిన్నప్పుడు మద్రాసు చూలైలో... ఒక శనివారం సాయంత్రం మా అక్క బుగ్గను గోడకు ఆనించి కూర్చుంది. సున్నం గోడ చల్లగా ఉంటుందని. వెనక పన్ను పుచ్చిపోయి, నొప్పి చెవిదాకా పాకింది.

అమ్మ గోరువెచ్చని ఉప్పునీళ్లిచ్చి పుక్కిలించమంది. తడిగుడ్డ మడిచి బుగ్గ మీద పెట్టింది. పోపులపెట్టెలోంచి ఒక కిరాంబు తీసి, పుచ్చిన చోట అదిమి పెట్టుకోమంది. లవంగాన్ని మేము కిరాంబు అనేవాళ్లం. మద్రాసులో తరతరాలుగా ఉన్న మాలాంటి తెలుగు ఇళ్లల్లో అదే మాట...

"ఇది నొప్పిని పండుకోబెడతాది, అంతే. మళ్లా లేస్తాది. పళ్ల డాక్టరు కాడికి ఇప్పుడే తీసుకపోండి," అంది నాయనతో.

పళ్ల డాక్టరు మా వీధి చివరే ఉండేవాడు. ఆయన గదిలో దీపం వెలుగుతూనే ఉంది.

"రేపు పెండ్లిచూపులు పెట్టుకొని ఈ పొద్దు పన్ను పీకిస్తారా ఎవురన్నా? మొగం వాచిపోతాది. సోమవారం పోదాంలే," అన్నాడు నాయన.

అలా మా అక్క నొప్పి సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది.

పెళ్లికొడుకు తండ్రి గుంటూరు వైపు తెలుగు పండితుడు. ఆదివారం కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ సంబంధం కుదరాలని నాయన ఇంటికి వెల్ల వేయించాడు. అక్కకూ ఇష్టమే. అబ్బాయి ఫొటోను ఎవరూ లేనప్పుడు మళ్లీ తీసి చూడడం నాకు తెలుసు.

అక్క వాచిన వైపు కనబడకుండా పక్కకు తిరిగి కూర్చుంది. అడిగినదానికల్లా తల ఊపింది. అంతా సవ్యంగానే నడుస్తోంది... పండితుడు కాస్త ముందుకు వంగాడు.

"నోట్లో ఏమిటమ్మా అది?"

"కిరాంబు."

"ఏమిటీ?"

"కిరాంబు సార్. పన్ను నొస్తా ఉండాది, ఈడ పెట్టుకోనుండా."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "విన్నావట్రా? వీళ్లు లవంగాన్ని కూడా అరవంలోనే నములుతారు." నవ్వాడు. మాటకారే, ఒప్పుకోవాలి. "ఏదీ, ఆ మాట ఇంకోసారి అనమ్మా," అన్నాడు.

అక్క అనలేదు.

ఆయన నవ్వినందుకు నాకు పెద్ద బాధ లేదు. పరాయి మనిషి, రాత్రికి రైలెక్కి పోతాడు. కానీ మా నాయన నవ్వాడు... అదీ. పుట్టినప్పటి నుంచి కిరాంబు తప్ప మరో మాట ఎరగని మా నాయన, "ఏం చేస్తామండీ, మా ఆడవాళ్లకు భాష ఎక్కడ ఏడ్చిందండీ," అంటూ, ఎన్నడూ లేని అండీలు తగిలించి, ఆయన కంటే గట్టిగా నవ్వాడు.

అక్క ఆ పండితుడి వైపు చూడలేదు. నాయన వైపే చూసింది.

సోమవారం పన్ను పీకించారు. కొన్నాళ్లకు మధ్యవర్తి చేత కబురొచ్చింది. పిల్ల లక్షణంగానే ఉందట, భాషే బాగాలేదట.

ఇక మీదట ఇంట్లో లవంగం అనాలని నాయన హుకుం వేశాడు. అమ్మ లెక్కచేయలేదు. "నా పెట్టెలో ఉండేది కిరాంబే. లవంగం కావాలంటే గుంటూరు పొయ్యి తెచ్చుకోండి," అంది. అక్క మాత్రం ఆ రెండు మాటల్లో ఏదీ అనలేదు. కావాలంటే వేలితో చూపించేది. కొత్తవాళ్ల ముందు తెలుగులో నోరు విప్పడమే మానేసింది. అరవంలో మాట్లాడితే ఎవరూ నవ్వరు కదా... తర్వాత మంచి సంబంధమే వచ్చింది, అంబత్తూరులో కాపురం పెట్టింది. కన్నపిల్లలతోనూ అరవమే. ఇప్పుడు ఆమె మనవరాలికి తెలుగు అక్షరం తెలియదు.

నేను పుస్తకాల మీద పడి బతికినవాణ్ని. చాలా ఏళ్లకు ఒక పాత నిఘంటువు తిరగేస్తుంటే "కరాంబువు" అన్న మాట కనబడింది. అర్థం లవంగం. తెలుగు నిఘంటువులో, తెలుగు అచ్చులో. ఆ మాటకు మన నోట అరిగిన రూపమే కిరాంబు కాదా? లవంగమేమో సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. ఆ పుట తీసి ఎదుట పెడదామంటే పండితుడు పోయాడు. మా నాయనా పోయాడు. అక్కకే ఫోన్ చేసి చెప్పాను.

"పన్ను పొయ్యినాక చెప్తా ఉండావా రా," అంది. అంతే.

ఇవాళ నాకు పన్ను నొప్పి. డాక్టరు సోమవారం రమ్మన్నాడు. ఏమీ తోచక ఫోన్ తెరిస్తే లవంగం మహిమల గురించే పోస్టులు. అయ్యా, లవంగం పుచ్చు పన్నును బాగుచేయదు. డాక్టరు దగ్గరికి చేరేదాకా కాస్త ఓర్చుకోనిస్తుంది. మా అమ్మ అప్పుడే చెప్పింది. ఆ పక్కనే ఇంకో పోస్టు... చెన్నై తెలుగువాళ్లు మాతృభాషను మరిచిపోయారని దిగులు. మరిచిపోలేదు బాబూ. నోట్లో ఉన్నదాన్ని చూసి నవ్వారు. ఉమ్మేశాం.

ఇందాక అక్క ఫోన్ చేసింది. బుగ్గ వాచిందా, అన్నం తిన్నావా అని అడిగింది. పెట్టేయబోయి, ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"రే, కిరాంబు పెట్టుకోనుండావా?"

పెట్టుకునే ఉన్నాను. దాన్ని బుగ్గ పక్కకు తోసి, "కిరాంబే అక్కా," అన్నాను.

ఇప్పుడు ప్యాకెట్ల మీద పేరు ఇంగ్లీషులో అచ్చయి వస్తోంది. దాన్ని నోరారా పేరు పెట్టి అడగాల్సిన పనే ఎవరికీ లేదు...

మీ ఇళ్లల్లో దీన్ని ఏమనేవారు? మీ అమ్మ ఎలా అనేదో అలాగే రాయండి, దిద్దకండి. ఎవరైనా నవ్వితే నాకు చెప్పండి. సోమవారం దాకా నాకు వేరే పనేమీ లేదు.